జాలీబాయ్ దీవికి వెళ్ళడానికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు

అండమాన్ వెళ్ళొచ్చిన మా చుట్టాల్లో చాలామంది జాలీబాయ్ దీవి చూడకుండానే తిరిగొచ్చేశారు. ఎందుకని అడిగితే "దానికి పర్మిట్ దొరకదటమ్మా" అంటారు. ఎవరు చెప్పారంటే లాడ్జివాళ్ళో టాక్సీవాళ్ళో చెప్పారంటారు. మాకూ అదే మాట చెప్పారు, అదీ ఐదు వేలు అడ్వాన్సు పుచ్చుకున్నాక. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. పర్మిట్ దొరుకుతుంది. మేం మనిషికి 75 రూపాయలు కట్టాం. మావారు వెళ్ళి అరగంటలో కాగితం చేత్తో పట్టుకుని వచ్చారు. మా అండమాన్ ప్రయాణం మొత్తంలో ఆ దీవిలో గడిపిన కాసిని గంటలే అన్నిటికంటే ఎక్కువ గుర్తుండిపోయాయి, కాబట్టి ఎవడో కౌంటర్ దగ్గర కూర్చుని చెప్పిన మాట విని దాన్ని వదులుకోకండి.

సంక్రాంతి అయ్యాక బయల్దేరాం. నేను, మావారు, ఆరో తరగతి చదువుతున్న మా బాబు, మా అత్తయ్య. అత్తయ్యకు డెబ్బై దగ్గర పడ్డాయి, మోకాళ్ళ నొప్పులు, కానీ ఊళ్ళు తిరగడమంటే మా అందరికంటే ఆవిడకే హుషారు. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ కూడా ఉంది గానీ రెండు రోజులు పైనే పడుతుంది, ఆ మోకాళ్ళతో ఓడ మెట్లు ఎక్కించి దించడం మావల్ల కాదని చెన్నై మీదుగా విమానంలో వెళ్ళాం. 2024 సెప్టెంబర్ నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది, అయినా ఆటోవాళ్ళ దగ్గర్నుంచి లాడ్జి బోర్డుల దాకా ఇంకా పోర్ట్ బ్లెయిరే. హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, బాగుంది, ఫెర్రీ టైముకి వచ్చింది, టైముకి దించింది. సెల్యులార్ జైలు చూశాం. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లోనే శిక్ష అనుభవించారని, ఆయనే 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారని మావారు చెబుతుంటే మా వాడు మొదటిసారి ఫోను జేబులో పెట్టి విన్నాడు.

ఇక లాడ్జి సంగతి. పోర్ట్ బ్లెయిర్‌లో మేం దిగిన చోటు పేరు రాయను, కానీ ఏం చేశారో మాత్రం పూర్తిగా రాస్తాను. ఆన్‌లైన్‌లో "సీ వ్యూ ఫ్యామిలీ రూమ్" అని రోజుకి 3,200, ఎక్స్‌ట్రా బెడ్‌కి 700. ఫోటోలో కిటికీ నిండా సముద్రం. గదిలోకి వెళ్ళి కర్టెన్ తీస్తే పక్క బిల్డింగు మెట్ల గోడ. అడిగితే డాబా మీదికి తీసుకెళ్ళి, వాటర్ ట్యాంకుల మధ్యనుంచి దూరంగా కనబడే నీలం గీత చూపించి "సీ వ్యూ ఉంది కదా మేడమ్" అన్నాడు. గీజర్ స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగేది, నీళ్ళు మాత్రం వేడెక్కేవి కావు. ఎక్స్‌ట్రా బెడ్ అంటే రెండంగుళాల పరుపు నేల మీద పరిచారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ నేలమీద నుంచి ఎలా లేస్తారండీ అని నేను గట్టిగా అడిగితే, "మీరు బెడ్ అన్నారు, మంచం అన్లేదు" అని సమాధానం. అత్తయ్యను మంచం మీద పడుకోబెట్టి మావారూ బాబూ ఆ పరుపు మీద సర్దుకున్నారు. మావారు మామూలుగా ఎవర్నీ ఏమీ అనరు, ఆ రాత్రి మాత్రం పడుకునేదాకా పళ్ళు నూరుతూనే ఉన్నారు.

ఇదంతా ఒక ఎత్తు, జాలీబాయ్ వ్యవహారం ఇంకో ఎత్తు. రిసెప్షన్ అతనే టూర్లు కూడా చూస్తాడు. జాలీబాయ్ వెళ్ళాలని అడిగితే, "పర్మిట్లు విడిగా వచ్చేవాళ్ళకి ఇవ్వరు సార్, మా ద్వారానే వస్తాయి, మనిషికి 2,800, కారు, బోటు, పర్మిట్ అన్నీ కలిపి" అన్నాడు. నలుగురికి 11,200. ఐదు వేలు యూపీఐలో తీసుకుని ఆధార్ జిరాక్సులు కూడా పుచ్చుకున్నాడు. సాయంత్రం ఆరింటికి ఫోను చేసి, కోటా అయిపోయింది, బదులుగా నార్త్ బే తీసుకెళ్తాం, రేటు అదే అన్నాడు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక లైట్‌హౌస్‌తో కనబడే చోటు నార్త్ బేదే, అక్కడ వాటర్ స్పోర్ట్స్, సీ వాక్, దుకాణాలు అన్నీ ఉంటాయి. అలాంటివి ఇష్టపడేవాళ్ళకి మంచి చోటే. కానీ మేం అడిగింది మనుషులు లేని దీవి, అతను అంటగట్టబోయింది బాగా సందడిగా ఉండే బీచి, అదీ అదే డబ్బుకి. వద్దు, మా డబ్బు మాకిచ్చేయమంటే "ప్రాసెసింగ్ 1,500 పోతుంది" అన్నాడు. ఏ కాగితం ప్రాసెస్ చేశావో చూపించు అని మావారు గంటసేపు అక్కడే నిలబడ్డారు. యూపీఐ చెల్లింపు ఫోన్లో చూపించి, పొద్దున్నే పర్యాటక శాఖలో రాసిస్తానని చెప్పాక 4,500 వెనక్కి వచ్చింది. మిగతా ఐదొందలు ఇప్పటికీ రాలేదు.

మర్నాడు పొద్దున మావారు తిన్నగా పర్యాటక శాఖ ఆఫీసుకి వెళ్ళారు. అక్కడే అటవీ శాఖ కౌంటర్ ఉంది. గుర్తింపు కార్డుల కాపీలు, మనిషికి 75 చొప్పున 300 రూపాయలు, అంతే. కోటా అయిపోయిందా అని అడిగితే ఆ కౌంటర్లో ఉన్నాయన "ఇంకా ఉన్నాయండీ, వారంలో సోమవారం తప్ప ఎప్పుడైనా వెళ్ళొచ్చు" అన్నారట. దీవికి సోమవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. టికెట్లు అవీ చూసుకునేటప్పుడు ఆ ఒక్క రోజు తగలకుండా చూసుకుంటే సగం టెన్షన్ పోతుంది. ఆ మధ్యాహ్నమే లాడ్జి ఖాళీ చేసేశాం.

వెళ్ళింది, జాలీబాయ్‌కి బోటెక్కే ఊరు వండూరు దారిలో ఒక బెంగాలీ కుటుంబం నడుపుతున్న హోమ్ స్టేకి. గది 2,200, రెండు నిజమైన మంచాలు, ఇత్తడి బకెట్‌లో కాచి తెచ్చిచ్చిన వేడి నీళ్ళు. ఏసీ లేదు, జనవరిలో అక్కర్లేదు కూడా. బాత్రూంలో గచ్చు ఆరి ఉంది, అత్తయ్యకి అన్నిటికంటే అది నచ్చింది, జారి పడతానన్న భయం లేదని. భోజనం ప్లేటు 250. ఆ రాత్రి ఆ ఇంటావిడ చేపల్ని ఆవాలూ పచ్చిమిర్చీ నూరిన ముద్దలో వండి పెట్టింది. అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది, నాకు భయమేసింది నచ్చలేదేమోనని. "ఇది మనం పనసపొట్టుకి పెట్టే ఆవే కదే" అంది. అంతే, భాష ఒక్క ముక్క తెలియకుండానే వాళ్ళిద్దరూ వంటింట్లో కూర్చుని ఆవ ఎంత నూరాలి, ఎప్పుడు వేస్తే చేదెక్కదు అని చేతులతోనే మాట్లాడేసుకున్నారు. అండమాన్‌లో అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడేది బెంగాలీ. తెలుగువాళ్ళూ తక్కువేం లేరు, 2011 లెక్కల ప్రకారం జనాభాలో 13 శాతం, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళే చాలామంది. మర్నాటికి పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక తెలుగు మెస్‌లో పులిహోర, పెరుగన్నం చెప్పి ఉంచాం, టాక్సీ అతనే పొద్దున్న వస్తూ స్టీలు క్యారియర్‌లో పట్టించుకొచ్చాడు, 420 అయింది. స్టీలు క్యారియర్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానో కింద రాస్తాను.

పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూరు సుమారు 30 కిలోమీటర్లు, గంట ప్రయాణం. దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డుకి పక్కన చెరువుల్లాంటి నీళ్ళు కనబడతాయి. అవి చెరువులు కావు, ఒకప్పటి వరి పొలాలు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి దక్షిణ అండమాన్ నేల మీటరు దాకా కుంగిపోయింది, ఆ తర్వాత సునామీ, సముద్రం పొలాల్లోకి వచ్చి అక్కడే ఉండిపోయింది. డ్రైవర్ బండి ఆపి చూపించాడు. విజయనగరం జిల్లాలో వరి పండించే ఇంటి నుంచి వచ్చిన అత్తయ్య "ఎన్ని ఎకరాలో" అని ఆ నీళ్ళవంక చాలాసేపు చూసింది, తర్వాత వండూరు దాకా ఏం మాట్లాడలేదు. వండూరు బీచిలోనూ సునామీకి కూలిన పెద్ద పెద్ద చెట్ల మాన్లు ఇంకా అలాగే పడున్నాయి. అక్కడ నీళ్ళలోకి మాత్రం దిగకండి. ఉప్పునీటి మొసళ్ళున్నాయని బోర్డులు పెట్టారు, అవి ఉత్తుత్తి బోర్డులు కావు, మనుషుల ప్రాణాలు పోయాయి అక్కడ.

ఇప్పుడు జెట్టీ. జాలీబాయ్ అనేది మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఒక చిన్న దీవి. 1983లో ఏర్పాటైన ఈ పార్కులో 15 దీవులు, వాటి మధ్య సముద్రం, అంతా కలిపి 281 చదరపు కిలోమీటర్ల పైన. యాత్రికుల్ని రానిచ్చేది జాలీబాయ్, రెడ్ స్కిన్ అనే రెండింటికే, అదీ వంతులవారీగా. సుమారు నవంబర్ నుంచి మే మధ్య దాకా జాలీబాయ్, వానాకాలంలో రెడ్ స్కిన్. పగడాలకి విశ్రాంతి దొరకాలని ఈ ఏర్పాటు. మీరు వెళ్ళే నెలలో ఏది తెరిచి ఉందో కనుక్కోకుండా "జాలీబాయ్ ప్యాకేజీ" అని ఎవరికీ డబ్బులివ్వకండి.

బోటెక్కే ముందు అటవీ సిబ్బంది ప్రతి సంచీ విప్పి చూస్తారు. ప్లాస్టిక్ ఏదీ దీవికి వెళ్ళకూడదు. బిస్కెట్ ప్యాకెట్టు, చిప్స్, క్యారీ బ్యాగు, కొనుక్కున్న నీళ్ళ సీసా, అన్నీ అక్కడే ఆపేస్తారు. మా ముందున్న ఒక కుటుంబం సంచీలోంచి అడుగున దాచిన గుట్కా పొట్లాలతో సహా చిప్స్ ప్యాకెట్లు బయటపడ్డాయి. ఆ పెద్దమనిషి "నేను ఫలానా ఆఫీసులో పనిచేస్తాను" అని మొదలుపెట్టాడు. అక్కడున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, గొంతు పెంచలేదు, "సార్, మీ వెనక తొంభై మంది ఉన్నారు, సంచీ ఇవ్వండి" అంది, అంతే, ఇచ్చేశాడు. అండమాన్‌లో ఇంత కచ్చితంగా, ఇంత మర్యాదగా నడిచిన పని నేను ఇంకెక్కడా చూడలేదు. నీళ్ళ సీసా లేనివాళ్ళకి డిపాజిట్ కట్టించుకుని మళ్ళీ వాడే సీసాలు అద్దెకిస్తారు. మా స్టీలు క్యారియర్, గుడ్డ సంచీ, రాగి చెంబు చూసి ఆ అమ్మాయి నవ్వి, మమ్మల్ని ఒక్క నిమిషంలో పంపించేసింది. అత్తయ్యకు ఎంత గర్వమో, ఆ చెంబు తెద్దామన్నది తనే మరి.

బోటు టికెట్ మనిషికి 855 అయింది. తొమ్మిదింటి లోపే కదిలింది. మొదటి అరగంట మడ అడవుల మధ్య ఇరుకు పాయల్లో, రెండు పక్కలా దీవులే, ఎటు చూసినా నీళ్ళలోకి వంగిన చెట్లే, అల అన్నదే లేదు. ఆ తర్వాత కొంచెం విశాలమైన నీళ్ళు వస్తాయి, అక్కడ మాత్రం ఊగింది, తలతిప్పే అలవాటున్నవాళ్ళు అరగంట ముందే మాత్ర వేసుకోవడం మంచిది. మొత్తం గంట. ఫోను సిగ్నల్ బయల్దేరిన కాసేపటికే పోతుంది, మా బాబుకి ఆ సంగతి ముందే చెప్పాం, పెద్దగా గొడవ చేయలేదు.

దీవికి జెట్టీ లేదు. ఇది ఎవరూ ముందు చెప్పరు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇదే. పెద్ద బోటు ఒడ్డుకి దూరంగా ఆగుతుంది, అక్కణ్ణుంచి అడుగున అద్దం ఉన్న చిన్న పడవల్లోకి దిగాలి, అవి ఒడ్డు దగ్గర ఆపితే మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఇసుక మీదికి వెళ్ళాలి. పెద్ద బోటూ చిన్న పడవా రెండూ ఊగుతుంటాయి, మధ్యలో జానెడు సందు. అత్తయ్య అంచున నిలబడి "నేను ఇక్కడే కూర్చుంటాను, మీరు వెళ్ళి రండి" అంది. నాకు చచ్చే టెన్షన్. అప్పుడు పడవలో ఉన్న కుర్రాడు పైకి చూసి, "రండి మామ్మా, నా భుజం పట్టుకోండి, పడవ పైకి లేచినప్పుడు నేను చెప్తాను, అప్పుడు అడుగెయ్యండి" అన్నాడు, అచ్చం మా వైపు యాసలో. వాళ్ళ తాతల కాలంలో టెక్కలి దగ్గర్నుంచి వెళ్ళారట. అతను "ఊఁ" అన్నాడు, అత్తయ్య అడుగేసింది, అంతే, దిగిపోయింది. తిరుగు ప్రయాణంలోనూ అతని పడవే వచ్చేదాకా ఆవిడ ఇంకోటి ఎక్కనన్నది.

దీవి చాలా చిన్నది. తెల్లటి ఇసుక, దాని వెనక దట్టమైన అడవి, బట్టలు మార్చుకోవడానికి చిన్న పాకలు, కూర్చోవడానికి బల్లలు. దుకాణం లేదు, టీ లేదు, తిండి లేదు, మంచినీళ్ళు కూడా మనవే. రాత్రి అక్కడ ఎవరూ ఉండరు. తాడు కట్టిన హద్దు దాటి అటూ ఇటూ తిరగనివ్వరు. హద్దులేంటి, ఇంతదూరం వచ్చి ఇంత ముక్కేనా అని కొందరు గొణిగారు. నా మటుకు నాకు అదే సరైన పద్ధతి అనిపించింది, వాళ్ళు తిరగనివ్వని వైపు ఇసుక మీద ఒక్క కాగితం ముక్క లేదు, ఉన్నవల్లా శంఖాలు మోసుకుని నడుస్తున్న సన్యాసి పీతలు.

అద్దం పడవలో ఓ పదిహేను నిమిషాలు టికెట్‌లోనే తిప్పుతారు. ఇంకాసేపు లోతు వైపు తిప్పాలంటే మనిషికి 500. మేం అత్తయ్యకీ బాబుకీ కట్టాం, 1,000. నీళ్ళలోకి దిగలేని పెద్దవాళ్ళుంటే ఆ ఐదొందలు నిస్సంకోచంగా పెట్టండి, పదిహేను నిమిషాల రైడులో పది మంది తలలు అడ్డం, కింద ఏముందో చూసేలోపు అయిపోతుంది. రెండోసారి నలుగురే ఉన్నారు. అత్తయ్య అద్దం మీదికి వంగి కళ్ళద్దాలు సర్దుకుంటూ ఒక్కో పగడం పేరూ అడిగింది. మెదడులా మడతలు పడ్డది, కొమ్ములు కొమ్ములుగా చీలింది, బల్లలా పరుచుకున్నది. "ఇవి రాళ్ళా, చెట్లా?" అంటే ఆ కుర్రాడు "రెండూ కాదు మామ్మా, జంతువులు" అన్నాడు. కొమ్ముల రకం ఏడాదికి కొన్ని అంగుళాలు పెరిగితే ఆ బండలాంటి రకం సెంటీమీటర్ పెరిగితే గొప్ప. మనిషి నిలువంత బండ కనబడిందంటే అది మన తాతల కంటే ముందు నుంచీ అక్కడుంది. దాని మీద ఎవరో కాలు పెట్టి ఫోటో దిగుతారు, కొస విరుగుతుంది.

స్నార్కెలింగ్‌కి, అంటే కళ్ళకి అద్దం, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ మీద తేలుతూ కిందికి చూడటానికి, గైడుతో కలిపి మనిషికి 600 తీసుకున్నారు, నేనూ మావారూ వెళ్ళాం. నాకు ఈత రాదు, ట్యూబు పట్టుకుని గైడు లాక్కెళ్ళాడు. మొహం నీళ్ళలో పెట్టగానే ఒక చప్పుడు వినబడింది, కరకరమని, ఎవరో పక్కనే పటికబెల్లం కొరుకుతున్నట్టు. చూస్తే ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసిన చిలకచేప పగడపు బండని ముక్కుతో గీకి గీకి తింటోంది. తింటూనే వెనకనుంచి తెల్లటి పొడి వదిలింది. ఆ ఒడ్డున మెత్తగా ఉన్న తెల్ల ఇసుకలో చాలా భాగం ఇలా చిలకచేపలు తిని వదిలిందేనని గైడు తర్వాత చెప్పాడు. ఇంకోచోట బండలో ఇరుక్కుని ఒక పెద్ద ఆల్చిప్ప, దాని పెదాలు నీలంగా, చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నాయి, నా నీడ దాని మీద పడగానే టక్కున ముడుచుకుంది. ట్యూబు పక్కకి జరిగాక మళ్ళీ మెల్లగా విచ్చుకుంది. నేను ఆ గైడుని ఇంకెక్కడికీ తీసుకెళ్ళొద్దని సైగ చేసి అక్కడే ఉండిపోయాను.

అన్నీ అలా లేవు, అది కూడా చెప్పాలి. కొన్నిచోట్ల బూడిద రంగు చచ్చిన కొమ్మలు కుప్పలుగా పడున్నాయి. 2010 వేసవిలో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడిపోయాయి, 2016లో మళ్ళీ. మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు ఉంటే చాలు, పగడం లోపలుండి దానికి తిండీ రంగూ ఇచ్చే నాచు బయటికి పోతుంది, త్వరగా చల్లబడకపోతే పగడం ఆకలితో చచ్చిపోతుంది. ఆ వేడిని మనం అక్కడ నిలబడి ఆపలేం. కనీసం వాటిని తొక్కకుండా, రాసుకున్న సన్‌స్క్రీన్‌తో నీళ్ళలోకి దిగకుండా ఉండగలం. సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకుని దిగండి, మావారు అలాగే దిగారు, వీపు కాలలేదు.

మధ్యాహ్నం చెట్టు నీడన క్యారియర్ విప్పాం. చిప్స్ పోయిన కుటుంబం పిల్లలు ఆకలితో చూస్తుంటే అత్తయ్య పిలిచి మూతల్లో పులిహోర పెట్టింది. వాళ్ళ నాన్నగారు, ఆ ఆఫీసు పేరు చెప్పినాయనే, కాసేపటికి వచ్చి మా దగ్గర ఎవరో వదిలేసిన అరటి తొక్కలు కూడా ఏరి సంచీలో వేసుకుని బోటుకి పట్టుకెళ్ళాడు. మా బాబు ఇసుకలో దొరికిన పగడపు ముక్క ఒకటి జేబులో వేసుకున్నాడు. ఆ టెక్కలి కుర్రాడే చూసి తీయించాడు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, చచ్చిన ముక్కైనా సరే తీసుకెళ్తే నేరం, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. వాడికి కాస్త మొహం చిన్నబోయింది గానీ తనే తీసుకెళ్ళి నీళ్ళ అంచున వదిలేసి వచ్చాడు.

ఖర్చు లెక్క నలుగురికీ: పర్మిట్లు 300, బోటు 3,420, రానూ పోనూ ఆగి ఉండటంతో కలిపి టాక్సీ 1,800, స్నార్కెలింగ్ 1,200, రెండో అద్దం పడవ 1,000, భోజనం 420. మొత్తం 8,140. లాడ్జివాడు కారు, బోటు, పర్మిట్లకే 11,200 అడిగాడు, ఆ మూడింటికీ మాకైంది 5,520. అంటే మనిషికి 1,420 ఎక్కువ, దేనికి? ఒక కౌంటర్ దగ్గర అరగంట నిలబడ్డందుకు, అదీ అతను నిలబడనే లేదు. పిల్లల వయసుని బట్టి, సీజన్‌ని బట్టి రేట్లు మారొచ్చు, కౌంటర్లోనే అడగండి, అక్కడ రేట్ల బోర్డు ఉంటుంది.

తేదీ సోమవారం కాకుండా చూసుకోండి, పర్మిట్ ముందురోజే తీసుకోండి, ఒరిజినల్ గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోండి. జెట్టీకి ఎనిమిదింటికల్లా చేరాలి. అండమాన్‌లో తెల్లారడం త్వరగా తెల్లారుతుంది, జనవరిలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం తిరిగొచ్చాక ఇంకో చోటు పెట్టుకోకండి. బోటెక్కే ముందు వండూరులోనే బాత్రూంకి వెళ్ళిరండి, ముఖ్యంగా ఆడవాళ్ళు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి, మామూలు స్లిప్పర్లు నీళ్ళలో జారిపోతాయి, ఒడ్డు దగ్గర పగడపు ముక్కలు కాళ్ళు కోస్తాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని వెంటబెట్టుకెళ్తే పడవ దిగేటప్పుడు అందరికంటే చివర దిగండి, వెనక తోసేవాళ్ళు ఉండరు, పడవ కుర్రాళ్ళకి చెయ్యందించే తీరిక ఉంటుంది. లాడ్జిలో ఎవరైనా పర్మిట్ విడిగా ఇవ్వరంటే, వాళ్ళతో వాదన పెట్టుకోకుండా నేరుగా కౌంటర్‌కి ఆటో ఎక్కండి, మాకు అరవై రూపాయలు తీసుకున్నాడు.